మామిడిపండ్లతో ఐదో తరగతి పాఠం

మా బడి నూజివీడు వైపు. ఐదో తరగతిలో చాలామందికి మామిడితోటతో ఏదో ఒక సంబంధం ఉంటుంది: సొంత తోటో, కౌలు తోటో, కాయకోతకు వెళ్లే నాన్నో. అందుకే వాస్తవానికీ అభిప్రాయానికీ తేడా చెప్పాల్సి వచ్చినప్పుడు నేను మామిడినే పట్టుకుంటాను.

"బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది" అని బోర్డు మీద రాస్తాను. ఎవరూ ఏమీ అనరు. దాని కింద "బంగినపల్లిని మించిన పండు లేదు" అని రాస్తానో లేదో, రసాల పిల్లలు లేచి నిలబడతారు. "చిన్నరసం ముందు అదెంత టీచర్!" కాసేపు వాదించుకోనిస్తాను. ఎంతసేపు అరుచుకున్నా తేలేది కాదని వాళ్లకే తెలిసిపోతుంది. ఇక్కడిదాకా సులువే.

చిక్కంతా మూడో వాక్యంతో: "మామిడిపండు తిని కూల్‌డ్రింక్ తాగితే చనిపోతారు." వేసవిలో వాట్సాప్‌లో తిరిగే మాట ఇది. అబద్ధమని చెప్పగానే క్లాసంతా "అయితే అభిప్రాయం" అంటుంది. నిజమైతే వాస్తవం, తప్పయితే అభిప్రాయం: ఇదీ వాళ్ల లెక్క. రెండే గడులు గీసి నింపమంటే పిల్లలు ఇంకేం చేస్తారు? కానీ నాకిది భయం వేసే విషయం. ఈ లెక్కతోనే పెద్దవాళ్లయితే, పచ్చి అబద్ధం చెప్పి "అది నా అభిప్రాయం" అన్నవాడి ముందు వీళ్లు నోరు మూసుకోవాల్సి వస్తుంది. అందుకని నిజమా కాదా అని ముందే అడగను. "దీన్ని తేల్చుకునే దారి ఉందా? ఎవర్ని అడగాలి?" అంటాను. డాక్టర్ని అడగొచ్చు అంటారు. అయితే అది తేల్చుకోదగ్గ మాట; తేల్చుకుంటే తప్పని తేలింది. అభిప్రాయం గడిలో దానికి చోటు లేదు.

తర్వాత "నూజివీడు కృష్ణా జిల్లాలో ఉంది" అని రాస్తాను. తాతయ్యలు ఇప్పటికీ అలాగే అంటారు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. అంతకుముందు ఆ వాక్యం నిజమే. కాబట్టి "ఇది ఎప్పటి మాట?" అని కూడా అడగాలి. పాత పుస్తకం దొరికినప్పుడల్లా ఈ ప్రశ్న పనికొస్తుంది.

అభిప్రాయమంటే చిన్నచూపు రానివ్వను. చెప్పమంటాను, "ఎందుకంటే" అని పొడిగించమంటాను. ఒకసారి ఒకడు కలెక్టర్ (తోతాపురి) రకం మామిడి గురించి "కలెక్టర్ కాయ దండగ, పీచుపీచుగా రుచుండదు" అన్నాడు. పక్కనున్న అమ్మాయి వాళ్లది కలెక్టర్ తోటే. "గుజ్జు ఫ్యాక్టరీలవాళ్లు అదే కొంటారు, మా నాన్న ఊరికే పెంచుతున్నాడా?" అంది. వాడు కాస్త ఆలోచించి "సరే, కోసుకు తినడానికి దండగ" అన్నాడు. కొత్త సంగతి తెలిస్తే అభిప్రాయాన్ని అంతమేరకు సర్దుకోవడం పదేళ్ల పిల్లాడికి చేతనయింది. ఆ పూట నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఈ వారం కార్బైడ్ సంగతి తీసుకుంటున్నాం. కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడాన్ని చట్టం నిషేధించింది అన్నది ఒక వాక్యం. "బజార్లో పండ్లన్నీ విషమే" అన్నది రెండోది. రెండోది ఇంట్లో ఎవరన్నారో, వాళ్లకెలా తెలిసిందో కనుక్కుని రమ్మన్నాను.