ఇంటిపేరు చెప్పి తలదించుకున్నాను

ఆంటీబయాటిక్ కోర్సు ముగిసినా నా పొట్ట సర్దుకోలేదు. ఉబ్బరం, పొద్దున్నే నాలుగుసార్లు బాత్రూమ్‌కి పరుగు, పైగా కారణం లేని టెన్షన్. పరీక్షలన్నీ నార్మల్. ఐబీఎస్ అన్నారు, అంటే పరీక్షల్లో తేడా కనబడకపోయినా పేగులు పెట్టే ఇబ్బంది. మొదటి డాక్టరు చీటీ మీద ‘ప్రోబయాటిక్’ (మేలుచేసే బతికున్న బ్యాక్టీరియా) అని ఒక్క ముక్క రాసి పంపేశాడు. షాపువాడు చేతికందిన డబ్బా ఇచ్చాడు. ఆరు వారాలు మింగాను, మార్పేమీ లేదు.

నేను ఊరుకునే రకం కాదు. రాత్రుళ్లు కూర్చుని చదివాను. 2011లో ఎలుకలకు జేబీ-1 అనే బ్యాక్టీరియా ఇస్తే బెదురు తగ్గిందట. పేగు నుంచి మెదడుకు వెళ్లే వేగస్ నరం కోసేసిన ఎలుకల్లో మాత్రం ఆ ఫలితం లేదట. మూడ్‌తో ముడిపడిన సెరటోనిన్ అనే రసాయనం ఒంట్లో ఉన్నదాంట్లో సుమారు 90 శాతం పేగుల్లోనే పుడుతుందట. ఇదంతా మోసుకుని స్పెషలిస్టు దగ్గరికి వెళ్లాను. ఐదు నిమిషాలు పాఠం చెప్పాను కూడా. ఆయన పక్కన ఇద్దరు మెడికల్ స్టూడెంట్లు.

అంతా విని, "మీరు వాడిన స్ట్రెయిన్ ఏది? అంటే ఆ బ్యాక్టీరియాలో ఏ ప్రత్యేక రకం?" అన్నాడు.

"లాక్టోబాసిల్లస్ సార్. 50 బిలియన్ల బ్యాక్టీరియా."

"అది ఇంటిపేరండీ. మనిషి పేరు చెప్పండి."

అర్థం కాలేదు. డబ్బా తీసి పైకి చదవమన్నాడు. పద్నాలుగు పేర్లు చదివాను, నాలుక తిరగక రెండుచోట్ల ఆగాను. ఒక్కదాని చివరా జీజీ అనో, జేబీ-1 అనో స్ట్రెయిన్ గుర్తు లేదు. లాక్టోబాసిల్లస్‌లో రామ్నోసస్ అనే జాతి అన్నంత మాత్రాన కూడా సరిపోదట, జీజీ, జేబీ-1 రెండూ రామ్నోససే, అయినా ఒకదానితో వచ్చిన ఫలితాన్ని రెండోదానికి అంటగట్టకూడదట. ఇంకా చదవమన్నాడు. 50 బిలియన్లన్నది తయారైన రోజు లెక్క. కింద చిన్న అక్షరాల్లో ‘ఫ్రిజ్‌లో ఉంచాలి’ అని ఉంది.

"ఎక్కడ పెట్టారు?"

"బ్యాగులో."

"అయితే చాలావరకు శవాలే మింగి ఉంటారు."

ఒక స్టూడెంటు దగ్గు నటించింది. చెవులు కాలిపోయాయి. అంతటితో వదల్లేదు. అదే జేబీ-1ని ఆరోగ్యంగా ఉన్న 29 మంది మగవాళ్లకు ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మాత్రకన్నా మేలేమీ కనబడలేదని 2017లో వచ్చిందట, చదివారా అన్నాడు. చదవలేదు. పేగులో పుట్టిన సెరటోనిన్ నేరుగా మెదడులోకి పోదని కూడా అప్పుడే తెలిసింది.

అయినా వచ్చేముందు ఒక మాట అన్నాను: "మందైతే మోతాదుతో సహా రాస్తారు కదా సార్, దీనికి పేరు కూడా ఎందుకు రాయరు?" ఆయన నవ్వలేదు. పూర్తి పేరు, గుర్తుతో సహా, బిఫిడోబాక్టీరియం లాంగమ్‌లో ఒక స్ట్రెయిన్ రాసిచ్చాడు. ఐబీఎస్ ఉన్న 44 మంది మీద జరిగిన చిన్న ట్రయల్‌లో దానితో దిగులు తగ్గిందని, ఆందోళన మాత్రం తగ్గలేదని ముందే చెప్పాడు.

ఇప్పుడు ఐదో వారం. ఉబ్బరం సగానికి తగ్గింది. టెన్షన్ ఎక్కడిదక్కడే ఉంది, దానికి విడిగా కౌన్సెలింగ్ మొదలుపెట్టాను. డబ్బా మాత్రం ఫ్రిజ్‌లోనే. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు ప్రోబయాటిక్‌లు సొంతంగా మొదలుపెట్టకండి, ఇవి బతికున్న జీవులు, అరుదుగానైనా రక్తంలోకి చేరి ఇన్ఫెక్షన్ తెస్తాయి. మొదటి చీటీ ఇంకా పారేయలేదు. ఈసారి ఆ డాక్టరు కనబడితే ఇంటిపేరు సంగతి అడగాలని ఉంది.