గండికోట దారిలో మా వాడి బువ్వ

కాచిగూడలో రాత్రి రైలెక్కేటప్పుడు మా బట్టలకు ఒక బ్యాగు, తిండికి రెండు. మా వాడికి రెండేళ్ళ మూడు నెలలు. పెరుగన్నంలో ఒక్క ఆవగింజ కనపడినా నోరు బిగించేస్తాడు. అందుకని తాలింపు లేని పెరుగన్నం, తోలు తీసిన ఆపిల్ ముక్కలు, బిస్కెట్లు, ఫ్లాస్కు నిండా పాలు. ఇవి కాక ఫుల్ ఛార్జింగ్‌తో ఫోను. నిజానికి వాడు అన్నం తినేది ఆ ఫోను నంజుకునే.

ఏనుగు పాట నడుస్తుంటే నాలుగు ముద్దలు లోపలికి వెళ్ళాయి. సిగ్నల్ పోగానే ఐదో ముద్ద నా చీర మీదికి వచ్చింది. ఎదురు బెర్తు పెద్దాయన, "దిష్టి తగిలిందేమో, తీయకూడదామ్మా" అన్నాడు. బయల్దేరే ముందే ఉప్పుతో తీశానని ఆయనకెలా చెప్పను?

తాడిపత్రి దాటాక తెల్లారింది. ఎక్కడ చూసినా పేర్చిన నాపరాళ్ళు, వాటి మీద తెల్లటి దుమ్ము. ఎర్రగుంట్లలో దిగి, బస్సులో జమ్మలమడుగు వెళ్ళాం. అక్కడ నేనూ మా ఆయనా కారం దోశ తిన్నాం. ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి ఇస్తారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగినా వదలబుద్ధి కాదు. మా వాడు కారం అంటని అంచు ఒకటి నా ప్లేటులోంచి తుంచుకుని నోట్లో పెట్టుకున్నాడు. చూసీ చూడనట్టు ఉండాల్సింది. "అబ్బ, తిన్నావా నాన్నా!" అని చప్పట్లు కొట్టాను. వెంటనే ఉమ్మేశాడు.

మా ఆయన వాళ్ళ అవ్వ ఉండేది ఆ పక్క పల్లెలోనే. మధ్యాహ్నం నేను గిన్నె పట్టుకుని పెరటి చుట్టూ మూడోసారి తిరుగుతుంటే ఆపింది. "వాడు పొద్దున్నుంచి ఎన్ని పాలు తాగినాడు?" అంది. లెక్కేస్తే రోజుకు లీటరుకు దగ్గర. "పాలతో నిండిన కడుపులోకి బువ్వ యాడ పడుతుందమ్మా? గిన్నె పట్టుకోని వాని ఎనక పడగాకు" అని ఫ్లాస్కు తీసుకెళ్ళి అటక మీద పెట్టింది.

మా పిల్లల డాక్టరూ ఇదే చెప్పారు, నేనే వినలేదు. ఈ వయసుకు రోజుకు అర లీటరు పాలు చాలట. ఎక్కువైతే ఆకలి చచ్చిపోతుంది, పాలల్లో ఇనుము తక్కువ కాబట్టి రక్తం కూడా తగ్గవచ్చు. ఇంకో లెక్క కూడా చెప్పారు. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాదికల్లా తొమ్మిది కిలోలవుతాడు. రెండో ఏడాదంతా కలిపి పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. మరి ఆకలి తగ్గదా? ఆ లెక్క నాకు హైదరాబాద్‌లో బుర్రకెక్కలేదు.

సాయంత్రం అవ్వ సంగటి చేసింది. మెత్తగా ఉడికిన అన్నంలో రాగిపిండి పోసి, మగ్గనిచ్చి, కట్టెతో గెలికి ముద్దలు చేసింది. మాకు నాటుకోడి పులుసు, వేరుశనగ పచ్చడి. దాన్ని అక్కడ చెనిక్కాయల ఊరిబిండి అంటారు. వాడి పళ్ళెంలో చిన్న ముద్ద, పక్కన నెయ్యి, బెల్లం. పళ్ళెం ముందు పెట్టి, వాడి వైపు చూడకుండా మాతో వర్షాల గురించి మాట్లాడుతూ కూర్చుంది. నాకేమో ఒకటే టెన్షన్. ఓరకంట చూస్తే, వాడు ముద్దలో వేలు గుచ్చి, నాకి, మొహమంతా పూసుకుని, మెల్లగా ఓ పావు వంతు తిన్నాడు. మిగతాది కుక్కకు పెట్టాడు. "సాల్లే, వానికి అంతే పడుతుంది" అంది అవ్వ.

మర్నాడు గండికోట. పెన్నా కోసుకుంటూ పోయిన లోయ అంచున వాణ్ణి ఎత్తుకుని నిలబడాలంటే నా కాళ్ళు వణికాయి, ఎక్కువసేపు ఉండలేదు. మసీదు పక్కన పాత ధాన్యాగారం ఉంది. ఎత్తైన కప్పు, లోపల చల్లగా చీకటి. కోటలో జనానికంతా తిండిగింజలు దాచిన చోట నేను ఆపిల్ ముక్కల డబ్బా తీసి బతిమాలుతున్నాను! మా ఆయన పక్కకు తిరిగి నవ్వుకున్నాడు.

వాడికి డబ్బా అక్కర్లేదు, నా చేతిలోని ఉడకబెట్టిన చెనిక్కాయలు కావాలి. గింజ గింజగా ఇస్తే ఈ వయసులో గొంతుకు అడ్డం పడే భయం. నాలుగైదేళ్ళు వచ్చేదాకా వద్దనే అంటారు. వేళ్ళతో బాగా మెదిపి కొంచెం అరచేతిలో పెట్టాను. ఊర్లో ఊరిబిండి నాకాడు కాబట్టి వేరుశనగ పడుతుందని తెలుసు. తిని, మళ్ళీ చెయ్యి చాపాడు. ఈసారి చప్పట్లు కొట్టలేదు.

తిరుగు రైల్లో పెరుగన్నం డబ్బా తెరిస్తే తల తిప్పేశాడు. మూత పెట్టేశాను. రైలు గుత్తి దాటేసరికి, అవ్వ మూట కట్టిచ్చిన బొరుగులు బెర్తంతా చల్లుకుని, ఒక్కొక్కటే ఏరుకుని తింటున్నాడు.