ఎక్స్‌రేలో కనిపించని భుజం నొప్పి

నాకు 52 ఏళ్లు. 12 ఏళ్లుగా మధుమేహం ఉంది. కిందటి వేసవిలో ఎడమ భుజంలో మొదలైన నొప్పి, వర్షాకాలం వచ్చేసరికి జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోనంతగా, రాత్రి ఆ పక్కకు ఒత్తిగిల్లితే మెలకువ వచ్చేంతగా ముదిరింది. మొదట చూపించుకున్న చోట ఎక్స్‌రే తీసి, ఎముకలు బాగానే ఉన్నాయని చెప్పి నొప్పి మాత్రలు రాశారు. ఆ మాట పట్టుకుని ఇంట్లోవాళ్లూ, చివరికి నేనూ ఆ బాధను తేలికగా తీసుకున్నాం. మూడు నెలలు అలాగే గడిచాయి.

తరువాత వెళ్లిన ఎముకల వైద్యురాలు ఫిల్ము చూడకముందే నన్ను కూర్చోబెట్టి, మోచేతిని నడుముకు ఆనించి ముంజేతిని బయటివైపుకు తిప్పమన్నారు. కుడిచెయ్యి సులువుగా తిరిగింది. ఎడమది కొద్దిగా కదిలి ఆగిపోయింది. ఆవిడ స్వయంగా పట్టుకుని తిప్పబోయినా సరిగ్గా అక్కడే ఆగింది. కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ లాంటి టెండన్ తెగినవారు తమంతట తాము చెయ్యి ఎత్తలేకపోయినా మరొకరు ఎత్తితే సాధారణంగా లేస్తుందని, కీలు చుట్టూ ఉన్న పొర దళసరెక్కి ముడుచుకుపోతే మాత్రం ఎవరు తిప్పినా తిరగదని, ఈ ఫ్రోజెన్ షోల్డర్ మధుమేహం ఉన్నవారిలో ఎక్కువగా వస్తుందని వివరించారు. కీలు అరిగిపోయినా చెయ్యి ఇలాగే బిగుసుకుంటుంది కనుక, అది కాదని తేల్చడానికే ఎక్స్‌రే అవసరమట. అంటే నా ఎక్స్‌రే బాగుండటం ఆవిడ అనుమానానికి బలమే తప్ప, నాకు జబ్బు లేదనడానికి రుజువు కాదు. ఈ ఒక్క మాట మొదటే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!

టెండన్ల కోసం అల్ట్రాసౌండ్ చేయించారు. భుజం పైభాగంలోని టెండన్‌ను సరిగ్గా చూడాలంటే చెయ్యి వీపు వెనక్కి పెట్టాలి, నాది పోలేదు. అక్కడ చిన్న చిరుగు ఉందో లేదో తేలకపోవడంతో ఎమ్మారై రాశారు. పేస్‌మేకర్ గానీ, ఒంట్లో లోహపు ముక్కలు గానీ ఉన్నాయా అని అడిగి, గాజులూ పుస్తెలూ తీయించి, మోచేతి కింద చిన్న దిండు పెట్టి పడుకోబెట్టారు. సుమారు అరగంట సేపు ఆ చప్పుడు మధ్య నొప్పెడుతున్న భుజాన్ని కదలకుండా ఉంచడమే అన్నిటికంటే కష్టమైంది.

టెండన్లు తెగలేదని, చంక వైపు కీలు పొర మందమైందని, భుజం ముందువైపు ఉండే కోరకాయిడ్ అనే ఎముక కొన కింద మామూలుగా కనిపించే కొవ్వు కనిపించడం లేదని రిపోర్టులో వచ్చింది. వైద్యురాలు ఆ పొరను తెర మీద వేలు పెట్టి చూపించి, ఇవి ఫ్రోజెన్ షోల్డర్ గుర్తులేనన్నారు.

కీలులోకి స్టెరాయిడ్ సూది వేసి, కొద్దిరోజులు చక్కెర పెరగవచ్చని ముందే హెచ్చరించారు. పెరిగింది కూడా. రోజూ గ్లూకోమీటరుతో చూసుకుంటూ ఆ వారమే ఫిజియోథెరపీ మొదలుపెట్టాను.