సిద్ధవటం కోటపై వెతుకులాట: మూడో వారం

మా అమ్మమ్మగారి ఊరు సిద్ధవటం పక్కన, పెన్న ఒడ్డున. ఆ కోట గురించి పాత పుస్తకాల్లో ఉన్న ప్రతి వాక్యాన్నీ ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించాలన్నది నా కోరిక. కడపలో రోజూ రాత్రి భోజనం అయ్యాక గంటసేపు కూర్చుంటున్నాను. మొదటి వారమంతా గూగుల్‌లో ఊరి పేరు కొట్టడం, బస్సు వేళలూ ఫోటోలూ చూసి లేవడం, ఇంతే.

దారి దొరికింది స్పెల్లింగు దగ్గర. 2005లో మార్చేదాకా ఇంగ్లీషులో కడప అంటే సి, యు, డి, డి, ఎ, పి, ఎ, హెచ్. సిద్ధవటాన్నేమో ఎస్, ఐ, డి, హెచ్, ఓ, యు, టి అని రాసేవారు. ఆ పాత పేరును జంట కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాను. గుర్తులు లేకపోతే గూగుల్ తనకు తోచిన దగ్గరి మాటలన్నీ కలిపేస్తుంది.

కడప పాత స్పెల్లింగుతో మరో చిక్కు: వచ్చినవన్నీ నేలకు పరిచే కడప బండల అమ్మకాలే! వద్దనుకున్న మాట ముందు, మధ్యలో ఖాళీ వదలకుండా మైనస్ గుర్తు పెడితే ఆ మాట ఉన్న పేజీలు తప్పుకుంటాయి. అలా స్లాబ్, టైల్స్, స్టోన్ మూడింటినీ తీసేశాను. రెండు రోజుల తర్వాత తెలిసింది, స్టోన్‌తో పాటు శిలాశాసనాల పేజీలూ పోయాయని. ఇప్పుడు మొదటి రెండే తీసేస్తున్నాను.

ఆ తర్వాత, పాత పుస్తకాల స్కాన్‌లు ఉండే ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో మాత్రమే వెతకడానికి, సైట్ అని ఇంగ్లీషులో రాసి, కోలన్ పెట్టి, వెంటనే ఆ సైటు పేరు చేర్చాను. ఇంగ్లీషు అధికారులు రాసిన జిల్లా వివరాల పుస్తకాలు రెండు, 1875 నాటి గ్రిబుల్ కడప జిల్లా మాన్యువల్, 1915 నాటి బ్రాకెన్‌బరీ గెజిటీరు దొరికాయి. సిద్ధవటం 1808 నుంచి 1812 దాకా జిల్లా కేంద్రమని నోటుపుస్తకంలో రాసుకుంటుంటే అమ్మమ్మే గుర్తొచ్చింది. ఆమె ఉంటే ఎంత సంతోషించేదో.

పాత పుస్తకాలే రావాలని బిఫోర్ అనే ఇంగ్లీషు మాటకు కోలన్, ఏడాది తగిలించి చూశాను, పనికిరాలేదు. అది చూసేది వెబ్ పేజీ తేదీని, పుస్తకం అచ్చయిన ఏడాదిని కాదు. దానికి గూగుల్ బుక్స్‌లో విడిగా ప్రచురణ తేదీ గడి ఉంది.

నిన్న రాత్రి దొరికింది మాత్రం అన్నిటికన్నా విలువైనది. ఒక స్కాన్ పుస్తకంలో కళ్ళ ముందు ఊరి పేరు కనిపిస్తోంది, వెతికితే లేదంటోంది. ఆ పేజీ పాఠాన్ని కాపీ చేసి చూస్తే, అరిగిన అచ్చులో 'యు'ని, స్కాన్ బొమ్మను అక్షరాలుగా మార్చే యంత్రం 'ఎన్'గా చదివింది. నేనూ ఆ తప్పు స్పెల్లింగుతోనే వెతికాను. అదే పుస్తకంలో మరో రెండు పేజీలు బయటపడ్డాయి! వరుస చివర హైఫన్‌తో విరిగిన పేర్లూ ఇలాగే దాక్కుంటాయి కాబట్టి ఇప్పుడు సగం పేరుతోనూ చూస్తున్నాను.

రేపు సిద్ధవటాన్ని ఏలిన మట్లి రాజుల వంతు. ఆ పేరును ఒక 'టి'తో, రెండు 'టి'లతో రాసి, రెండింటిలో ఏది ఉన్నా రావాలని మధ్యలో ఓఆర్‌ను ఇంగ్లీషు పెద్దక్షరాల్లో పెట్టి మొదలుపెడతాను.