ఒళ్లు తేలిగ్గా ఉన్న రోజే నాకు ఎక్కువ జాగ్రత్త కావాలి

మూడేళ్ల కిందట సద్దుల బతుకమ్మ రోజు సాయంత్రం నా ఒంట్లో నొప్పి దాదాపు లేదు. చాలా నెలల తర్వాత అలాంటి రోజు వచ్చింది, మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు, అందుకే మా హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర గంటన్నర పైనే ఆడాను. వంగడం, చప్పట్లు కొట్టడం, లేవడం, ఒక అడుగు జరగడం, మళ్లీ వంగడం. మా వదిన "కాసేపు కూర్చోరాదూ" అని రెండుసార్లు అన్నా వినలేదు. రాత్రి ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాను. మర్నాడు కాస్త ఒళ్లు బరువుగా ఉంది, అంతే. ఆ మర్నాడు పొద్దున మాత్రం మంచం దిగలేకపోయాను. తొడల నుంచి భుజాల దాకా రాత్రంతా ఎవరో కొట్టినట్టు ఉంది, దుప్పటి తగిలినా మంట. కాలేజీకి ఆరు రోజులు సెలవు పెట్టాను.

నాకు ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్లంతా నొప్పులు, అలసట వదలకుండా ఉండే జబ్బు, అని తేలి అప్పటికి ఏడాది. అంతకు ముందు నాలుగేళ్లు ఎక్స్‌రేలు, థైరాయిడ్, ఈఎస్ఆర్, విటమిన్ డి అంటూ తిరిగాను. డి తక్కువుందంటే మాత్రలు వేసుకున్నాను, అది పెరిగింది, నొప్పి మాత్రం అలాగే ఉంది. చివరికి హైదరాబాద్‌లో రుమటాలజిస్ట్ (కీళ్లు, కండల జబ్బుల డాక్టర్) దగ్గరికి వెళ్తే ఆయన మెడ వెనక, భుజాల మీద, మోచేతుల దగ్గర, మోకాళ్ల లోపలి వైపు బొటనవేలితో నొక్కి చూశారు. 1990లో పెట్టుకున్న లెక్క ప్రకారం ఇలాంటి 18 చోట్లలో 11 చోట్ల నొప్పి ఉండాలి. 2010 నుంచి ఆ లెక్క ఒక్కదాన్నే పట్టుకోకుండా ఒంట్లో ఎన్ని భాగాల్లో నొప్పి ఉంది, నిద్ర లేచాక ఎలా ఉంటుంది, అలసట ఎంత, మాటలు తట్టకపోవడం, మతిమరుపు ఉన్నాయా, ఇదంతా కనీసం మూడు నెలలుగా ఉందా అని అడుగుతున్నారు. అన్నీ అడిగి, రాత్రికి ప్రీగాబలిన్ అనే నొప్పి మందు రాసి, "వ్యాయామం చెయ్యాలమ్మా" అన్నారు. నాకు కోపం వచ్చింది. నడిస్తేనే నొప్పి అని చెబుతుంటే నడవమంటారేంటి అని.

ఆయన చెప్పింది నిజమే. కీళ్ల జబ్బుల మీద పనిచేసే యూరప్ డాక్టర్ల సంఘం యూలార్ 2016లో ఈ జబ్బుకి చేసిన సిఫార్సుల్లో గట్టిగా చెయ్యమన్నది వ్యాయామం ఒక్కటే, మందులన్నీ దాని తర్వాతే. కానీ "చెయ్యండి" అన్న మాట ఒక్కటే చేతికిచ్చి పంపితే మనిషి ఏం చేస్తుంది? నేను జిమ్‌లో చేరాను. మొదటి రోజే పదిహేనేసి గుంజీలు మూడుసార్లు తీయించి, "నొప్పి వస్తోందంటే కండ పనిచేస్తోందన్నట్టే మేడమ్" అన్నాడు అక్కడి ట్రైనర్. అతనికి నా జబ్బు గురించి తెలియదు, నేను చెప్పినా పట్టించుకోలేదు. రెండో రోజు వెళ్లలేదు.

ఫైబ్రో ఉన్న మన విషయంలో ఆ ట్రైనర్ మాట ఎందుకు పనికిరాదో తర్వాత అర్థమైంది. కండకి దెబ్బ తగిలి నొప్పి రావడం వేరు, నరాలు పంపే మామూలు కబురుని మెదడు కేకలా వినడం వేరు. ఫైబ్రోలో జరిగేది ఎక్కువగా రెండోది. మామూలు మనిషికి వ్యాయామం చేసిన కాసేపటికి నొప్పి తెలిసే గుణం కొంచెం తగ్గుతుంది, మనలో చాలామందికి ఆ తగ్గడం జరగదు, కొందరికి ఎదురు పెరుగుతుంది. పైగా ఎవరికైనా అలవాటు లేని పని చేస్తే కండల నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల్లోపు బయటపడుతుంది. అందుకే "చేసినప్పుడు బాగానే ఉంది కదా" అన్నది నాకు కొలమానం కాదు. మూడో రోజు పొద్దున ఎలా ఉన్నానన్నదే కొలమానం.

ఇదంతా నాకు విడమర్చి చెప్పింది హనుమకొండలోనే ఉన్న ఒక ఫిజియోథెరపిస్ట్, నాకంటే పదేళ్లు చిన్నది. "ఎంతసేపు నడవగలరు మేడమ్?" అంది. అరగంట అన్నాను. "నొప్పి పెరగకుండా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఎప్పుడూ చూసుకోలేదు. మూడు రోజులు నడిచి, నొప్పి పెరగడం మొదలవగానే టైమ్ చూసి రాసుకు రమ్మంది. తొమ్మిది నిమిషాలు, ఆరు, పదకొండు. సగటు తీసి అందులో సగం అంది. అంటే నాలుగు నిమిషాలు. ఒకప్పుడు భద్రకాళి బండ్ (చెరువు కట్ట) ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి వచ్చేదాన్ని, నాలుగు నిమిషాలు అనగానే ఏడుపొచ్చింది. "ఇది మీ స్థాయి కాదు మేడమ్, మీరు నమ్మకంగా నిలబడగలిగే మెట్టు" అంది. ఆ మాట నాకు బాగా పనికొచ్చింది.

నాలుగు నిమిషాలకి ఫోన్‌లో అలారం పెట్టుకుని నడిచాను, రోజుకి రెండుసార్లు. అలారం మోగితే ఆగాలి, ఇంకా నడవగలనిపించినా సరే. నిజానికి ఇంకా నడవగలననిపించినప్పుడే ఆగడం చాలా కష్టం. పది పన్నెండు రోజులు ఒకే లెక్క మీద ఉండి, నొప్పి అదనంగా లేకపోతే అర నిమిషమో నిమిషమో పెంచేదాన్ని. ఒకసారికి ఒక్కటే పెంచాలి, టైమ్ పెంచితే వేగం పెంచకూడదు. వేగానికి గుర్తు ఏంటంటే పక్కనున్న మనిషితో మాట తెగకుండా మాట్లాడగలగాలి. ఎనిమిది నెలలకి ఇరవై నిమిషాలకి వచ్చాను. మధ్యలో రెండుసార్లు జ్వరం వచ్చి వెనక్కి వెళ్లి మళ్లీ ఎక్కాను.

కండల బలానికి ఒక ప్లాస్టిక్ కుర్చీ చాలు. కుర్చీని గోడకి ఆనించి, మీద దిండు వేసుకుని, చేతులు గుండెకి అడ్డంగా పెట్టుకుని లేచి నిలబడి మళ్లీ కూర్చోవడం. దిండు ఎందుకంటే, కిందికి దిగేటప్పుడు తొడ కండ సాగుతూనే బరువు మోస్తుంది, మర్నాటి నొప్పి ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది, దిండు వేస్తే దిగాల్సిన ఎత్తు తగ్గుతుంది. మెట్లు దిగితే మర్నాడు తొడలు గుంజడం కూడా ఇందుకే. మా కాలేజీలో క్లాసు రెండో అంతస్తులో ఉంటుంది, దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని నెమ్మదిగా దిగుతాను. కుర్చీది ఐదుసార్లతో మొదలుపెట్టాను, రోజు విడిచి రోజు. మూడు నెలలకి దిండు తీసేశాను. ఆ రోజు నాకు బాగా గుర్తుంది.

యోగా కూడా చేస్తాను, కానీ పన్నెండు సూర్యనమస్కారాలు కాదు. గోడ ఆసరాతో, కుర్చీలో కూర్చుని, పూర్తిగా సాగదీయకుండా సాగినంత వరకే. బలవంతంగా లాగితే ఆ చోటు వారం పాటు సలుపుతుంది. తాయ్ చీ అనే నెమ్మది కదలికల చైనా వ్యాయామం గురించి అమెరికాలో 226 మందితో చేసిన పరిశోధన 2018లో వచ్చింది, వేగంగా చేసే ఏరోబిక్ వ్యాయామంతో సమానంగానో అంతకంటే కాస్త మెరుగ్గానో పనిచేసిందని. మా ఊళ్లో నాకు నేర్పేవాళ్లు దొరకలేదు. గోరువెచ్చని నీళ్లలో చేసే వ్యాయామం కూడా చాలామందికి సుఖంగా ఉంటుంది, ఆ వసతి ఉన్నవాళ్లు వదులుకోవద్దు. నేను వేడినీళ్ల స్నానం చేసి మొదలుపెడతాను, చలికాలంలో అయితే తప్పనిసరిగా. రాత్రి మందు వల్ల పొద్దున్నే తల దిమ్ముగా ఉంటుంది, అందుకని టిఫిన్ అయ్యి, ఆ మత్తు దిగాకే నడక.

ఇప్పుడు అసలు విషయం, ఏ పేపర్లోనూ నాకు కనబడనిది: ఇంటి పని. మా అత్తమ్మ ప్రేమగానే అంటుంది, "పని చేస్తే పోతయ్ బిడ్డా నొప్పులు" అని. పని కూడా లెక్కలోకే వస్తుందని తనకెవరూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. దుప్పట్లు పిండిన రోజు, గ్రైండర్ గిన్నె ఎత్తి కడిగిన రోజు, పండక్కి బూజులు దులిపిన రోజు మన శరీరం "ఇది వ్యాయామం కాదులే" అని వదిలెయ్యదు. ఆ రోజు నడక సగం చేస్తాను, కుర్చీ వ్యాయామం మానేస్తాను. ఒక నోట్‌బుక్‌లో నడక పక్కనే బట్టలు, ఇస్త్రీ, మార్కెట్ అని కూడా రాస్తాను. అలా రాయడం మొదలుపెట్టిన రెండు నెలలకి తెలిసింది, నాకు నొప్పి విపరీతంగా పెరిగిన వారాలకి కారణం వ్యాయామం కాదు, ఆదివారాలని. వారం పని మొత్తం ఆదివారం ఒక్క రోజు చేసేదాన్ని. ఇప్పుడు రోజుకి కొంత చేస్తున్నాం, దుప్పట్లు మా ఆయన పిండుతారు. ఆ నోట్‌బుక్ చూపించాకే ఆయనకీ నమ్మకం కుదిరింది.

నొప్పి ఎక్కువున్న రోజు పూర్తిగా పడుకుని ఉండను. పది నిమిషాలు నడిచే దశలో ఉంటే మూడు నిమిషాలు ఇంట్లోనే నడుస్తాను, మంచం మీదే చీలమండలు తిప్పుతాను. వారం కదలకపోతే ఎక్కిన మెట్లు కొన్ని దిగిపోతాం. తేలిగ్గా ఉన్న రోజు కూడా మామూలు రోజు లెక్కే, ఒక్క నిమిషం ఎక్కువ చెయ్యను.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. చిన్న పనికే, అదీ ఒకటి రెండు రోజుల తర్వాత, ఒళ్లు పూర్తిగా పడిపోయి రోజుల తరబడి లేవలేకపోతుంటే అది ఎంఈ/సీఎఫ్‌ఎస్ (క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్) అనే వేరే జబ్బు కావచ్చు, రెండూ కలిసి కూడా ఉండొచ్చు. దానికి కొద్దికొద్దిగా వ్యాయామం పెంచుకుంటూ పొమ్మనే పద్ధతి వద్దని బ్రిటన్ వైద్య సంస్థ నైస్ 2021లో చెప్పింది. నేను పైన రాసింది వాళ్లకి వర్తించదు. అలాగే కీలు వాచినా, చెయ్యో కాలో బలం తగ్గినా, తిమ్మిరి కొత్తగా మొదలైనా, జ్వరం, బరువు తగ్గడం ఉన్నా దాన్ని ఫైబ్రో ఖాతాలో వేసుకోకుండా డాక్టర్‌కి చూపించండి. నడుస్తుంటే ఛాతీ పట్టేసినా, ఊపిరి ఆడకపోయినా అక్కడే ఆగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పోయిన బతుకమ్మకి మళ్లీ పద్మాక్షి గుట్టకి వెళ్లాను. ఒళ్లు తేలిగ్గానే ఉంది. ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టి బొడ్లో దోపుకున్నాను. పది నిమిషాలు ఆడి మెట్ల మీద కూర్చున్నాను, ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ పది నిమిషాలు, లోతుగా వంగకుండా నిలబడే చప్పట్లు కొడుతూ. మిగతా సమయమంతా మా వదిన పక్కన కూర్చుని పాట అందుకున్నాను. మూడో రోజు పొద్దున ఫస్ట్ అవర్ క్లాసుకి వెళ్లాను.