వరంగల్‌కు వరంగల్ అని పేరు పెట్టబోతే

2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ కాస్తా వరంగల్ అయింది. పొద్దున పేపర్లో చూసి మా ఆవిడ "మంచిదే కదా, అర్బన్ రూరల్ ఏంటి అసహ్యంగా" అంది. నిజమే. నాకు మాత్రం ముందు గుర్తొచ్చింది ఆఫీసు సర్వర్.

నేను హన్మకొండలో ఒక సంస్థలో సిస్టమ్స్ చూసుకుంటాను. పాత ఉమ్మడి జిల్లా అంతటా మా మనుషులున్నారు. అందరి లాగిన్లూ ఒక ఓపెన్‌ఎల్‌డాప్ డైరెక్టరీలో, అంటే ఎల్‌డాప్ అనే ప్రోటోకాల్‌తో నడిచే పేర్ల పట్టికలో ఉంటాయి. చెట్టులాంటిదది: సంస్థ కింద జిల్లా, జిల్లా కింద మండలం, మండలం కింద మనిషి. కొమ్మను ఓయూ (ఆర్గనైజేషనల్ యూనిట్) అంటారు. మన దగ్గర ఓయూ అంటే ఉస్మానియానే కాబట్టి, కొత్తగా చేరిన పిల్లలకు "ఇది ఆ ఓయూ కాదు" అని మొదటిరోజే చెప్పేస్తుంటాను.

జిల్లాల పేర్లతో చెట్టు కట్టిన ఘనత నాదే. 2014లో వరంగల్ ఒక్కటే కొమ్మ. 2016 దసరాకు జిల్లా అర్బన్, రూరల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అయ్యేసరికి ఐదు కొమ్మలు వేసి మనుషుల్ని సర్దాను. పాత వరంగల్ కొమ్మను మాత్రం తీసేయలేదు. మానేసినవాళ్ల లాక్ చేసిన అకౌంట్లు, రెండు ప్రింటర్లు అందులోనే పడి ఉన్నాయి. ఎవరికీ అడ్డం కాదనుకున్నాను.

మా మేనేజర్ గారు నెలన్నర ఆగి, "ఇంకా రూరల్ అని వస్తోందేంటండీ" అని అడిగితే కదిలాను. ఎంగిలిపూల బతుకమ్మ నాడు సాయంత్రానికే ఆఫీసు ఖాళీ అయింది. వేయిస్తంభాల గుడి వైపు దారి ఎలాగూ కిక్కిరిసి ఉంటుంది, ఈలోగా పని కానిద్దామని కూర్చున్నాను.

ఈ పనికి వాడేది ఎల్‌డాప్‌మాడ్‌ఆర్‌డీఎన్ అనే కమాండ్. ఎంట్రీ పూర్తి చిరునామా డీఎన్ అయితే, అందులో మొదటి ముక్క ఆర్‌డీఎన్. ఒకప్పుడు ఆ మొదటి ముక్క ఒక్కటే మార్చగలిగేవాళ్లు. 1997లో వచ్చిన ఎల్‌డాప్ మూడో వెర్షన్‌తో ఎంట్రీని ఒక కొమ్మ మీంచి తీసి ఇంకో కొమ్మకు తగిలించడం కూడా కుదిరింది. ప్రోటోకాల్లో ఆ పని పేరు మాడిఫై డీఎన్ అయింది కానీ, కమాండ్ ఇంకా మాడ్‌ఆర్‌డీఎన్‌గానే ఉంది. పేర్లు మార్చే కమాండ్‌కే పేరు మారలేదన్నమాట.

ముందు స్లాప్‌క్యాట్ అనే కమాండ్‌తో డేటా మొత్తం ఒక ఫైల్లోకి దించుకున్నాను. తర్వాత మార్పుల ఫైల్ రాశాను. ఒక వరుసలో పాత డీఎన్, కింది వరుసలో కొత్త ఆర్‌డీఎన్, మధ్యలో ఖాళీ వరుస, అంతే. అర్బన్‌కు హనుమకొండ, రూరల్‌కు వరంగల్. కమాండ్‌కు మైనస్ ఎన్ (-n) అనే ఆప్షన్ పెట్టి ఉత్తుత్తి రన్ చేస్తే అంతా సాఫీగా పోయింది. ధైర్యంగా ఎన్ తీసేసి ఎంటర్ కొట్టాను. హనుమకొండ అయిపోయింది. రూరల్ దగ్గర ఎర్రర్ 68: ఆ పేరుతో ఎంట్రీ ఆల్రెడీ ఉంది.

మైనస్ ఎన్ సర్వర్‌ని ఏమీ అడగదు. ఏం చేయబోతున్నదో మనకు చూపించి ఊరుకుంటుంది. వరంగల్ అనే పాత కొమ్మ అక్కడ ఐదేళ్లుగా అలాగే పడి ఉన్న సంగతి దానికేం తెలుసు? నాకే తెలియాలి. ఎర్రర్ వచ్చినా ఆగకుండా పొమ్మనే మైనస్ సీ పెట్టలేదు కాబట్టి అక్కడితో ఆగింది. పాత కొమ్మను 'పాతవరంగల్' చేసి మళ్లీ నడిపితే రూరల్ వరంగల్ అయింది. కింద మండలాలు, మనుషులు ఉన్నా మొత్తం ఒక్క దెబ్బకు మారింది. మా సర్వర్ డేటాను దాచేది ఎండీబీ పద్ధతిలో కాబట్టి సరిపోయింది, పాత బీడీబీ పద్ధతి అయితే కింద ఎంట్రీలున్న కొమ్మ పేరు మార్చనిచ్చేదే కాదు.

పేర్లతో పాటు మండలాలూ అటూ ఇటూ అయ్యాయి కదా. పరకాల, నడికూడ, దామెర హనుమకొండకు వచ్చాయి. వరంగల్, ఖిలా వరంగల్ అటు వెళ్లాయి. దీనికి మైనస్ ఎస్ పెట్టి కొత్త తల్లికొమ్మ చిరునామా ఇవ్వాలి. మండలం పేరు మారకపోయినా కొత్త పేరు చోట అదే పేరు మళ్లీ రాయాలి. పరకాల దగ్గర ఎర్రర్ 32, అలాంటి ఎంట్రీ లేదు అని. పది నిమిషాల కిందట నేనే రూరల్‌ని వరంగల్ చేసి, ఇక్కడ రూరల్ చిరునామా ఇస్తే ఎక్కడుంటుంది? దిద్దుకుని, తొమ్మిదింటికి ఇంటికి చేరాను.

పొద్దున్నే నర్సంపేట నుంచి ఫోన్. "అన్నా, మా వాళ్ల పాస్‌వర్డ్ మార్చనిస్తలేదు." ఏ కొమ్మలో ఎవరు ఏం మార్చొచ్చో చెప్పే ఏసీఎల్‌లో పాత చిరునామా అక్షరాలా అలాగే ఉంది. గ్రూపుల్లో సభ్యుల డీఎన్‌లూ అంతే. ఆ డీఎన్‌లను సరిచేయడానికే రెఫ్‌ఇంట్ అని ఓపెన్‌ఎల్‌డాప్‌లో ఒక అదనపు భాగం ఉంది, మా సర్వర్లో నేను ఆన్ చేయలేదు. మధ్యాహ్నం దాకా అదే పని.

అసలు తప్పు బయటపడింది నెలాఖరుకు. హెచ్‌ఆర్ మేడమ్ వచ్చి, "వరంగల్ జిల్లాలో మనకు ఇంతమంది ఎక్కడున్నారండీ? రిటైరైన సార్ పేరు కూడా ఉంది" అన్నారు. పేరు మార్చేటప్పుడు మైనస్ ఆర్ పెట్టకపోతే పాత పేరు ఎంట్రీ లోపల విలువగా మిగిలే ఉంటుంది. నేను కావాలనే పెట్టలేదు. రూరల్ అని వెతికే పాత స్క్రిప్టులు నాలుగు రోజులు పనిచేస్తాయని. రూరల్‌కు అది బాగానే కుదిరింది. కానీ 'పాతవరంగల్' లోపల కూడా వరంగల్ అనే పేరు మిగిలిపోయింది. రిపోర్ట్ స్క్రిప్ట్ వరంగల్ అని వెతికితే కొమ్మలు రెండు దొరికాయి, రెంటి కిందవాళ్లనూ కలిపి లెక్కేసింది. ఎంట్రీ లోపలి విలువలు మార్చే ఎల్‌డాప్‌మాడిఫై కమాండ్‌తో ఆ ఒక్క విలువ తీసేస్తే లెక్క కుదిరింది. పాత పేరు ఎవరికీ అక్కర్లేనిదైతే ఉంచినా ఫర్వాలేదు. ఇంకొకరికి ఇచ్చేస్తున్నామంటే మైనస్ ఆర్ పెట్టాల్సిందే.

మా పరకాల తమ్ముడికి ఇదంతా చెప్పి, "ఇప్పుడు నీది హనుమకొండ జిల్లా" అన్నాను. "మా అమ్మకు చెప్పు అన్నా," అన్నాడు. "హన్మకొండ చౌరస్తాకు వచ్చి చీర కొనుక్కుపోయినా, ఇంటికి పోయి వరంగల్ పోయొచ్చిన అనే అంటది."