పెద్దవాళ్లకి ఏఐ నేర్పుతున్నారా? మొదట వాళ్లకి తెలిసిందే అడిగించండి

డెబ్బై ఏళ్ల మనిషి చేతిలో ఫోను పెట్టి "ఏదైనా అడుగు, చెప్తుంది" అంటే మామూలుగా రెండిట్లో ఒకటి జరుగుతుంది. ఏం అడగాలో తోచక ఫోను పక్కన పెట్టేస్తారు. లేదంటే మొదటి జవాబు బాగుందని, ఆ తర్వాత అది ఏం చెప్పినా నమ్మేస్తారు. రెండోదాంతోనే ఎక్కువ ముప్పు. అందుకే మొదటి రోజు పాఠం వాళ్లకి బాగా తెలిసిన విషయంతో మొదలవ్వాలి.

చిన్నప్పుడు బడిలో కంఠస్థం చేసిన శతక పద్యం ఒకటి అడిగించండి. తెలుగు పద్యం దగ్గర ఏఐ తరచు తడబడుతుంది. మకుటం సరిగ్గానే పెట్టి మధ్య పాదాలు సొంతంగా అల్లేస్తుంది. యతి తప్పుతుంది, గణాలు కుదరవు, అయినా జంకు లేకుండా చెప్పేస్తుంది. పద్యం నోటికొచ్చినవాళ్లు రెండో పాదం దగ్గరే "అది కాదు" అంటారు. సరిగ్గా అప్పుడు చెప్పండి: ఇది ఎక్కడో పుస్తకం తెరిచి చదవట్లేదు, ఏ మాట తర్వాత ఏ మాట వస్తే అతుకుతుందో లెక్క వేసి పేరుస్తోంది అని. కళ్లముందు తప్పు పట్టుకున్నాక ఆ మాట ఇట్టే ఎక్కుతుంది. ఒకవేళ పద్యం సరిగ్గానే చెప్పేస్తే వచ్చే ఏకాదశి ఎప్పుడో అడిగించి, గోడ మీది క్యాలెండరుతో సరిచూడమనండి.

పాఠానికి ముందు ఫోనులో నాలుగు మార్పులు మీరే చేసి పెట్టాలి. చాలామంది "నాకు రాదులే" అని వదిలేయడానికి కారణం ఏఐ కాదు, ఈ చిన్న ఇబ్బందులే. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేలోకి వెళ్లి అక్షరాల సైజు పెంచండి. స్క్రీన్ టైమౌట్ 30 సెకన్లుంటే 2 నిమిషాలో 5 నిమిషాలో చేయండి, లేకపోతే ఆలోచించుకునే లోపే తెర ఆరిపోతుంది. యాక్సెసిబిలిటీలో "టచ్ అండ్ హోల్డ్ డిలే" అని ఉంటుంది, దాన్ని "లాంగ్" మీద పెట్టండి. పెద్దవాళ్లు వేలిని కాస్త ఎక్కువసేపు ఆనిస్తారు. ఫోను దాన్ని నొక్కిపట్టినట్టు లెక్కేసి ఏదో మెనూ తెరుస్తుంది, వాళ్లు కంగారుపడతారు. ఇక నాలుగోది, జీబోర్డులో (గూగుల్ వాళ్ల కీబోర్డు యాప్) తెలుగు కీబోర్డు చేర్చడం. మైకు తెలుగు వినాలంటే ఇది ఉండాలి. ఇంగ్లీషు కీబోర్డు మీదే మైకు నొక్కితే తెలుగు మాటలన్నీ వింత ఇంగ్లీషుగా పడతాయి. స్పేస్ బారు నొక్కిపట్టుకుంటే భాష మారుతుంది. ఇది మాత్రం వాళ్లకీ నేర్పాలి.

ఏఐ యాప్ ఒక్కటే ఉంచండి. జెమినీ యాప్ 2024 జూన్‌లో మన దేశానికి వచ్చినప్పుడే తెలుగుతో వచ్చింది. చాట్‌జీపీటీ అయినా సరే. ప్లేస్టోర్‌లో అలాంటి బొమ్మతోనే నకిలీలు ఉంటాయి కాబట్టి పేరు కింద జెమినీకైతే గూగుల్ అని, చాట్‌జీపీటీకైతే ఓపెన్‌ఏఐ అని ఉందో లేదో చూసి మీరే వేసివ్వండి. మొదటి ప్రశ్న అడగకముందే వారానికి ఇంత కట్టమనే యాప్ అయితే వెంటనే తీసేయండి. వాట్సాప్‌లో ఎవరైనా ఏపీకే ఫైలు (తెరిస్తే ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు) పంపితే, పెళ్లి శుభలేఖ అన్నా ట్రాఫిక్ చలాన్ అన్నా, తెరవకూడదని ఇప్పుడే చెప్పేయండి.

మైకు దగ్గర ఎక్కువమంది ఆగిపోతారు. మాట మధ్యలో ఊపిరి తీసుకుంటే, "అదీ... ఏంటంటే" అని ఆగితే, చాలాసార్లు ఫోను ప్రశ్న అయిపోయిందనుకుని సగానికే జవాబు మొదలుపెడుతుంది. ముందు మనసులో వాక్యం అనుకుని, తర్వాతే మైకు నొక్కడం అలవాటు చేయించండి. "నూట పాతిక", "ముప్పావు" లాంటి మాటల్ని, మన యాసని ఒక్కోసారి తప్పుగా వింటుంది. అందుకే పంపేముందు తెర మీద పడిన మాటలు ఒకసారి చదవాలి.

అడిగే తీరు కూడా నేర్పాల్సిందే. "షుగరుకి ఏం తినాలి?" అంటే రెండు పేజీల ఉపన్యాసం వస్తుంది. ఇలా అడిగించి చూడండి: "నాకు డెబ్బై రెండేళ్లు. షుగరుంది. పళ్లు సరిగ్గా లేవు. ఇంట్లో రాగిపిండి, పెసరపప్పు, సొరకాయ ఉన్నాయి. రాత్రికి నూనె తక్కువతో ఒక్క వంటకం చెప్పు. ఐదు వాక్యాల్లో, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో చెప్పు." ఆ చివరి ముక్క లేకపోతే "పిమ్మట మిశ్రమమును" ధోరణిలో రాస్తుంది. జవాబు నచ్చకపోతే మళ్లీ అడగొచ్చని, యంత్రం విసుక్కోదని గట్టిగా చెప్పాలి. పిల్లల్ని ఒకే సంగతి రెండోసారి అడగడానికి మొహమాటపడే పెద్దలకి ఈ ఒక్క మాట చాలా ఊరట.

రోజువారీ పనుల్లో అన్నిటికంటే పనికొచ్చేది ఇంగ్లీషు కాగితాలు చదివించడం. బ్యాంకు ఉత్తరాన్ని బల్ల మీద పరిచి, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫొటో తీయాలి. ఫ్లాష్ వేస్తే నున్నటి కాగితం మెరిసి అంకెలు పోతాయి. ఆధార్, ఖాతా నంబర్ల మీద చీటీ ముక్క పెట్టి తీయాలి. తర్వాత "ఇందులో నన్నేం చేయమంటున్నారు? ఏ తేదీలోపు?" అని రెండే ప్రశ్నలు. చెప్పిన తేదీ, డబ్బు మొత్తం కాగితం మీద వేలు పెట్టి సరిచూసుకోవాలి.

పెన్షన్ విషయంలో ఏ పెన్షనో చెప్పకుండా అడిగితే నియమాలు కలిపేస్తుంది. జీవన ప్రమాణ పత్రం, అంటే బతికే ఉన్నామని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్, కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు నవంబరులో ఇస్తారు, 80 దాటినవాళ్లు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. ఈపీఎస్-95 (పీఎఫ్ పెన్షన్) వాళ్లకి ఆ నెల నియమం లేదు, ఎప్పుడిచ్చినా అప్పట్నుంచి ఏడాది చెల్లుతుంది. రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్ల గడువులు వేరు. కాబట్టి ప్రశ్నలోనే పెన్షన్ పేరు చెప్పాలి, వచ్చిన జవాబుని బ్యాంకులోనో ట్రెజరీలోనో అడిగి ఖాయం చేసుకోవాలి.

మందుల దగ్గర మాత్రం గీత గీయండి. అచ్చు వేసిన రక్తపరీక్ష రిపోర్టులో ఏ మాటకి ఏం అర్థమో అడగొచ్చు, డాక్టరుని అడగాల్సిన ప్రశ్నలు రాయించుకోవచ్చు. చేతిరాత చీటీని మాత్రం చదివించకూడదు. అర్థంకాని చోట అది ఊహించి పూరిస్తుంది. థైరాయిడ్ మాత్రలు మైక్రోగ్రాముల్లో ఉంటాయి. అక్కడ మిల్లీగ్రాములు అని చదివితే తేడా వెయ్యి రెట్లు. మాత్ర మానడం, పెంచడం, తగ్గించడం ఎప్పుడూ డాక్టరు మాట మీదే. ఛాతీలో నొప్పి, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి పడిపోవడం లాంటివైతే ఏఐని అడగడం కాదు, 108కి ఫోన్ చేయడం.

మోసగాళ్ల చేతిలోనూ ఇదే ఏఐ ఉందని పెద్దవాళ్లకి తెలియాలి. కొద్దిపాటి రికార్డింగుతో మనవడి గొంతు తయారుచేసి "తాతయ్యా, యాక్సిడెంటయింది, డబ్బు పంపు" అనిపించగలరు. గొంతు గుర్తుపట్టినా సరే ఫోను పెట్టేసి, మన దగ్గరున్న నంబరుకి మనమే చేయాలి. ఇంట్లోవాళ్లకే తెలిసిన గుర్తు మాట ఒకటి పెట్టుకోండి, ఊరి పేరో పాత ఆవు పేరో. పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించే "డిజిటల్ అరెస్టు" అనేది చట్టంలోనే లేదు. డబ్బు పోతే ఆ నిమిషంలోనే సైబర్ మోసాల సహాయవాణి 1930కి చేయాలి.

పాఠం 20 నిమిషాలు మించొద్దు, వారానికి రెండుసార్లు, ఒక్కోసారి ఒకే పని. ఫోను వాళ్ల చేతిలోనే ఉండాలి, మీరు లాక్కుని చేసి చూపించొద్దు. మెట్లన్నీ వాళ్ల చేతే నోటుబుక్కులో పెద్ద అక్షరాలతో రాయించండి. యాప్ రూపం మారితే ఆ పేజీ కొట్టేసి కొత్తది రాయాలి. అట్ట లోపలి వైపు 108, 1930, పెద్దల సహాయవాణి 14567, మీ నంబరు రాసిపెట్టండి. నెల అయ్యాక, వాళ్లు సరేనంటేనే, పాత ప్రశ్నలు కలిసి కూర్చుని చూడండి. మైకు ఏ మాట తప్పు విందో, ఏ జవాబు సరిచూడకుండా వదిలేశారో అక్కడ కనబడుతుంది. తర్వాతి పాఠం దానిమీదే.